హెచ్‌1 భర్త, హెచ్‌4 భార్య: ఇద్దరూ ప్రోగ్రామర్లే, పని ఒకరికే ఎందుకు?

అమెరికా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనగానే మన ఇళ్ళల్లో మాటలన్నీ జీతం చుట్టూ, వీసా లాటరీ చుట్టూ, ఈమధ్య లేఆఫ్‌ల చుట్టూ తిరుగుతుంటాయి. వీసా అనే కాగితం ఎవరిని ఎవరికి కట్టేస్తుందన్న సంగతి మాత్రం పెళ్ళయి, విమానం ఎక్కి, అక్కడ ఇల్లు తీసుకున్నాక గానీ చాలామందికి తెలిసిరాదు. ముఖ్యంగా ఆడపిల్లలకి. ఇక్కడ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో నాలుగైదేళ్ళు పనిచేసి టీమ్ లీడ్ దాకా వచ్చిన అమ్మాయి, హెచ్‌1 అనే ఉద్యోగ వీసా మీదున్నవాడిని పెళ్ళాడి, అతని భార్యగా వచ్చే హెచ్‌4 వీసా మీద అక్కడ దిగిన రోజు నుంచి చట్టప్రకారం ఒక్క డాలరు సంపాదించడానికి కూడా వీల్లేని మనిషైపోతుంది. ఆమె చదువు మారలేదు, భర్త చేసే పనే ఆమెకీ వచ్చు, కొన్ని ఇళ్ళల్లో అయితే ఆయన కంటే బాగా వచ్చు. తేడా అల్లా వీసా మీద హెచ్ అక్షరం పక్కనున్న అంకె ఒక్కటే.

దీని వెనక ఒక ఏర్పాటు ఉంది. ప్రోగ్రామర్‌ని కంపెనీకి కట్టేసే ముడి ఒకటి, ప్రోగ్రామర్ భార్యని ప్రోగ్రామర్‌కి కట్టేసే ముడి ఇంకొకటి. మార్కెట్లో ఏ కుదుపు వచ్చినా ఆ దెబ్బ ఈ రెండు ముడుల మీదుగా కిందికి దిగి, చివర్న ఉన్న మనిషి మీద పడుతుంది. ఆ చివర్న ఉన్నది చాలాసార్లు ఆడమనిషే.

ముందు హెచ్‌1బి సంగతి చూద్దాం, మనం హెచ్‌1 అనేది దీన్నే. ఇప్పుడున్న రూపంలో దాన్ని తెచ్చింది 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టం. ఏటా 65,000 వీసాలు అని పరిమితి పెట్టారు. తొంభైల చివర్లో వై2కె పనులు (2000 రాగానే పాత ప్రోగ్రాములు తేదీ తప్పు చదవకుండా సరిదిద్దే పనులు) వచ్చాయి, ఆ వెంటే డాట్‌కామ్ జోరు. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాడు దొరికితే చాలన్న రోజులవి, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. అప్పుడు అమెరికా కాంగ్రెస్ ఆ పరిమితిని పెంచుకుంటూ పోయి 2001 నుంచి 2003 వరకు ఏటా 1,95,000 దాకా తీసుకెళ్ళింది. బూమ్ చల్లారాక 2004లో మళ్ళీ 65,000కి దించేశారు. ఆ తర్వాత అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళ కోసమని ఇంకో 20,000 కలిపారు. ఇరవయ్యేళ్ళు దాటినా ఇప్పటికీ అదే లెక్క నడుస్తోంది. 2023 మార్చిలో ఈ 85,000 వీసాల కోసం లాటరీలో 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు పడ్డాయంటే పోటీ ఎంతుందో చూడండి. అందులో సగానికి పైగా ఒకే మనిషి పేరు మీద రెండు మూడు కంపెనీలు వేసినవి. 2024 నుంచి కంపెనీని బట్టి కాకుండా మనిషిని బట్టి లాటరీ తీయడం మొదలుపెట్టాక ఆ వరద తగ్గింది.

"హెచ్‌1కి అప్లై చేశాను" అని అందరూ అంటారు గానీ, చట్టం దృష్టిలో అప్లై చేసేది కంపెనీ. పిటిషన్ కంపెనీది, దాన్ని వెనక్కి తీసుకునే హక్కూ కంపెనీదే. అమెరికాలో ఉండే అర్హత ఆ పిటిషన్ మీద నిలబడి ఉంటుంది కాబట్టి మేనేజర్‌తో వాదన పెట్టుకునే ముందు మామూలు ఉద్యోగి ఉద్యోగం గురించి ఆలోచిస్తే, హెచ్‌1 మీద ఉన్నవాడు ఇల్లు, కారు లోను, పిల్లల బడి, దేశంలో ఉండటం అన్నిటి గురించీ ఆలోచించాలి. 2000లో వచ్చిన చట్టం వల్ల కొంత ఊరట దొరికింది, కొత్త కంపెనీ ట్రాన్స్‌ఫర్ పిటిషన్ ఫైల్ చేయగానే అక్కడ చేరిపోవచ్చు. అయితే ముందు ఆ కొత్త కంపెనీ దొరకాలి కదా.

దీనికి జీతాల లెక్క తోడవుతుంది. హెచ్‌1కి ముందు ఎల్‌సీఏ అనే కాగితం ఫైల్ చేస్తారు, ఆ ప్రాంతంలో ఆ పనికి ఇచ్చే జీతానికి తగ్గకుండా ఇస్తామని కంపెనీ రాసిచ్చే హామీ అది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ జీతానికి నాలుగు లెవెళ్ళు పెట్టారు, మొదటి రెండు లెవెళ్ళూ ఆ ప్రాంతపు మధ్యస్థ జీతం కంటే కిందే ఉంటాయి. అంటే చట్టాన్ని అక్షరాలా పాటిస్తూనే సగటు కంటే తక్కువ ఇవ్వొచ్చు. అమెరికన్ ఉద్యోగుల కోపానికి కారణం ఇక్కడే ఉంది. ఆ కోపాన్ని జాత్యహంకారం అని కొట్టిపారేయడం నాకు సరి అనిపించదు. 2015లో దక్షిణ కాలిఫోర్నియాలో ఒక పెద్ద కరెంటు కంపెనీ తన ఐటీ ఉద్యోగుల్ని తీసేసి, ఆ పని మన దేశపు ఔట్‌సోర్సింగ్ కంపెనీలకు ఇచ్చింది. వెళ్ళిపోయేవాళ్ళే కొత్తవాళ్ళకి పని నేర్పాల్సి వచ్చిందని అప్పట్లో గట్టిగా వినపడింది. వాళ్ళలో కొందరు పెట్టుకున్న సంఘమే సేవ్ జాబ్స్ యూఎస్ఏ. దాని పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక కన్సల్టెన్సీలు, అంటే హెచ్‌1 మీద మనుషుల్ని తెచ్చి వేరే కంపెనీలకి పనికిచ్చేవి. మన తెలుగువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళకి అర్థం కానిదీ ఇదే. ఒక బ్యాంకుకి జావా డెవలపర్ కావాలి. ఆ బ్యాంకు క్లయింట్. ప్రాజెక్టు చేసేది ఒక పెద్ద ఇంప్లిమెంటేషన్ కంపెనీ, దానికి మనిషిని ఇచ్చేది ప్రైమ్ వెండర్, ప్రైమ్ వెండర్‌కి ఇచ్చేది సబ్‌వెండర్, సబ్‌వెండర్‌కి ఇచ్చేది మనవాడి హెచ్‌1 పట్టుకున్న కన్సల్టెన్సీ. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. క్లయింట్ గంటకు 100 డాలర్లు ఇస్తే ప్రైమ్ వెండర్ దగ్గర 85, సబ్‌వెండర్ దగ్గర 75, కన్సల్టెన్సీ చేతికి 68 అనుకోండి. అందులో "80-20" అని, అంటే నూటికి ఎనభై ఉద్యోగికని మాట్లాడుకుంటే 54 డాలర్ల చిల్లర మనవాడిది. దాంట్లోంచే కంపెనీ కట్టాల్సిన పేరోల్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కూడా కోసేవాళ్ళున్నారు. పని చేసింది ఒక్కడు, వాడి గంట మీద బతికింది నాలుగు కంపెనీలు.

ఇదంతా ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు. ప్రాజెక్టు అయిపోతే బెంచ్, అంటే ఇంకోటి దొరికేదాకా ఖాళీగా కూర్చోవడం. బెంచ్ మీద ఉన్నా జీతం ఇచ్చి తీరాలని 1998లోనే చట్టం చేశారు. ఉద్యోగం మధ్యలో మానేశాడని జరిమానా వసూలు చేయకూడదనీ, హెచ్‌1 ఫీజులు ఉద్యోగి నెత్తిన రుద్దకూడదనీ నిబంధనలున్నాయి. అయినా ఎంతమంది కన్సల్టెన్సీల గెస్ట్ హౌస్‌లలో గదికి నలుగురు చొప్పున పడుకుని, లేని ఏడేళ్ళ అనుభవం రాసిన రెజ్యూమేతో ఇంటర్వ్యూలిస్తూ, "సెలవు కావాలని నువ్వే మెయిల్ పెట్టు" అంటే పెట్టేసి, రూపాయి రాకుండా నెలలు గడిపారో మనకి తెలుసు. లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేసే ఫారం ఉంది, ఏడాది లోపు పెట్టుకోవచ్చు. ఎందుకు పెట్టరు? కంపెనీ మీద కేసు పడితే పిటిషన్ పోతుందేమోనన్న భయం. 2017 జనవరి దాకా ఉద్యోగం పోయిన మర్నాటికి స్టేటస్ (అక్కడ ఉండే అర్హత) పోయినట్టే లెక్క. ఆ ఏడాది వచ్చిన నిబంధనతో 60 రోజుల గడువు దొరికింది. 2022, 2023 లేఆఫ్‌లప్పుడు ఆ అరవై రోజులూ క్యాలెండర్ మీద కొట్టేసుకుంటూ గడిపిన కుటుంబాలు ఇర్వింగ్‌లో, ఎడిసన్‌లో, బే ఏరియాలో వీధికొకటి ఉంటుంది. ఈ కన్సల్టెన్సీలు నడిపేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు అదే గెస్ట్ హౌస్‌లో పడుకున్న మనవాళ్ళే. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది అదే.

హెచ్‌1 మూడేళ్ళకు ఇస్తారు, ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారు. ఆరేళ్ళయ్యాక వెళ్ళిపోవాలి, గ్రీన్‌కార్డు దారిలో ఉంటే తప్ప. ఆ దారి సంగతి ఇదీ: ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లల్ని కూడా ఆ లెక్కలోనే కలుపుతారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. నూట నలభై కోట్ల జనమున్న ఇండియాకీ అదే 7 శాతం, మన జిల్లా అంత జనం లేని ఐస్‌లాండ్‌కీ అదే. 2025 చివర్లో ఈబీ2, ఈబీ3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు క్యూలలో ఇండియా వాళ్ళ వంతు 2013 దగ్గర నడిచింది. అంటే పన్నెండేళ్ళ ముందు ఫైల్ చేసినవాళ్ళకి అప్పుడు వచ్చింది, ఇప్పుడు ఫైల్ చేసేవాళ్ళు ఎప్పటికి అందుకుంటారో లెక్క వేయడానికే చేతులు రావు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం అయినవాళ్ళు మూడేళ్ళకోసారి హెచ్‌1 పొడిగించుకుంటూ ఆ క్యూలో బతుకుతారు. అక్కడ పెరిగిన పిల్లలకి 21 నిండితే డిపెండెంట్ లెక్కలోంచి జారిపోతారు, నాలుగేళ్ళప్పుడు తీసుకెళ్ళిన బిడ్డ అయినా సరే.

ఇప్పుడు రెండో ముడి. హెచ్‌1 మీద వెళ్ళే భారతీయుల్లో మగవాళ్ళే చాలా ఎక్కువ. వాళ్ళ భార్యలకి వచ్చేది హెచ్‌4. దాని మీద చదువుకోవచ్చు, బ్యాంకు అకౌంట్ తెరవచ్చు, డ్రైవింగ్ నేర్చుకోవచ్చు. పని చేయకూడదు. పని అనుమతి లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, ఆ నంబరు లేకపోతే సొంత పేరు మీద క్రెడిట్ కార్డు కూడా కష్టమే.

నాకు తెలిసిన ఒకావిడ హైదరాబాద్‌లో టెస్టింగ్ లీడ్‌గా చేసేది. కింద ఎనిమిది మంది ఉండేవాళ్ళు. పెళ్ళయి డల్లాస్ పక్కన రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లోకి వెళ్ళింది. మొదటి ఏడాది లైబ్రరీకి నడిచి వెళ్ళి ఆటోమేషన్ టూల్స్ నేర్చుకుంది, సర్టిఫికేషన్లు రాసింది, రాత్రిళ్ళు భర్త డిఫెక్ట్‌లతో తల పట్టుకుంటే పక్కన కూర్చుని ఎక్కడ తప్పుందో చూపించేది. రెండో ఏడాది హెచ్‌1కి వేయించుకుంటే లాటరీలో రాలేదు. మూడో ఏడాది పాప. నెలకి ఇంటికి ఎంత పంపాలో ఒకప్పుడు తనే నిర్ణయించేది, ఇప్పుడు చెల్లెలి పుట్టినరోజుకి చీర కొనాలన్నా అడగాల్సి వస్తోందని ఫోన్‌లో ఏడ్చింది. భర్త మంచివాడే, ఎప్పుడూ కాదనలేదు. ఆమెని తినేసింది ఆ అడగడమే. ఆరేళ్ళ తర్వాత పని అనుమతి వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలో వాళ్ళడిగిన మొదటి ప్రశ్న, "ఈ ఆరేళ్ళు ఏం చేశారు?" జూనియర్ క్యూఏ (టెస్టింగ్) కాంట్రాక్టులో చేరింది, ఆమె మేనేజర్ ఆమె కంటే నాలుగేళ్ళు చిన్న.

ఆ పని అనుమతి పేరు హెచ్‌4 ఈఏడీ. ఒబామా ప్రభుత్వం 2015లో నిబంధన తెచ్చింది, ఆ ఏడు మే 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందరు హెచ్‌4లకీ ఇవ్వలేదు. భర్తకి ఐ-140 ఆమోదం అయి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రాసెస్ వల్ల ఆయన హెచ్‌1 ఆరేళ్ళు దాటి పొడిగింపు పొంది ఉండాలి. జాగ్రత్తగా చూడండి, ఆమె పని చేయొచ్చా లేదా అన్నది ఆమె అర్హత మీద లేదు, ఆమె భర్త యజమాని ఎప్పుడు ఏ కాగితం ఫైల్ చేశాడన్న దాని మీద ఉంది. ఎన్నడూ చూడని ఒక హెచ్‌ఆర్ మనిషి ఫైల్ ఆలస్యం చేస్తే ఇక్కడ ఒక ఇంజనీర్ ఇంట్లో కూర్చోవాలి. ఈ కార్డులు తీసుకున్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ళు, అందులోనూ అత్యధికులు మనదేశం వాళ్ళు.

ఆ కొంచెం కూడా నిమ్మళంగా లేదు. సేవ్ జాబ్స్ యూఎస్ఏ 2015లోనే కోర్టుకెళ్ళింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం ఈ నిబంధన తీసేస్తామంది, 2021లో బైడెన్ వచ్చి ఆ ప్రతిపాదనని వెనక్కి తీసుకున్నాడు. మధ్యలో 2019లో హెచ్‌4 వాళ్ళందరూ వేలిముద్రలివ్వాలని పెట్టడంతో రెన్యువల్స్ నెలలకు నెలలు ఆగిపోయి, కార్డు గడువు అయిపోయి, చేస్తున్న ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు నిబంధన సరైనదేనంది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు విననంది. పదేళ్ళు ఈ ఆడవాళ్ళు తమ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే ఆఫీసుకెళ్ళారు. ఆ టెన్షన్ ఏ జీతపు లెక్కలోనూ కనపడదు.

ఈ ముడి ఎంత దూరం లాగుతుందో తెలియాలంటే 2017 ఫిబ్రవరి 22 గుర్తు చేసుకోవాలి. కాన్సాస్‌లోని ఒలేథాలో హైదరాబాద్ కుర్రాడు శ్రీనివాస్ కూచిభొట్లని ఒక బార్‌లో "మా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్చి చంపారు. ఆయన హెచ్‌1 మీద ఉన్న ఇంజనీర్. ఆ రాత్రి ఆయన భార్య సునయన దుమాల భర్తనే కాదు, ఆ దేశంలో ఉండే అర్హతనీ పోగొట్టుకుంది. ఆమె స్టేటస్ ఆయన మీద ఆధారపడింది కాబట్టి, ఆయన లేకపోతే ఆమెకీ లేదు. అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చిన మనిషి తిరిగి వెళ్ళగలదో లేదో తెలియని పరిస్థితి. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పట్టించుకోవడం వల్ల తాత్కాలికంగా పని అనుమతి దొరికింది. దేశమంతా మాట్లాడుకున్న ఘటన కాబట్టి ఆమెకి ఒక ఎంపీ తోడు నిలిచాడు. గుండెపోటుతోనో, రోడ్డు ప్రమాదంలోనో భర్త పోయిన మామూలు ఇల్లాలికి ఎవరు నిలుస్తారు?

భర్త బతికే ఉండి కొట్టేవాడైతే అది ఇంకో నరకం. పోలీసుల్ని పిలిస్తే ఆయన మీద కేసు, కేసు వల్ల ఆయన వీసాకి ఇబ్బంది, దాంతో తనదీ పిల్లలదీ పోతుందన్న భయం. ఇలాంటి భార్యలకి పని అనుమతి ఇవ్వొచ్చని 2006 జనవరిలో చట్టమైంది. దాన్ని అడగడానికి దరఖాస్తు ఫారం 2017లో వచ్చింది. ఈ విషయం తెలియని ఆడపడుచులు ఇప్పటికీ ఎంతోమంది, దయచేసి చెప్పండి: ఆ ఫారం పేరు ఐ-765వి.

ఇల్లూ పిల్లల మధ్య ఆడవాళ్ళు ఈ పని చేయలేరు అనేవాళ్ళకి చరిత్రలో మంచి సమాధానం ఉంది. 1939లో, యుద్ధానికి ముందు, నాజీల బారి నుంచి తప్పించడానికి యూదు పిల్లల్ని రైళ్ళలో బ్రిటన్‌కి పంపినప్పుడు ఐదేళ్ళ పాప ఒకతి వచ్చింది. పెద్దయ్యాక ఆమె స్టెఫానీ షర్లీ. 1962లో ఆరు పౌండ్లతో సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టి, పెళ్ళయి ఉద్యోగాలు మానేసిన ఆడ ప్రోగ్రామర్లకి ఇంటి నుంచే పని ఇచ్చింది. స్టెఫానీ పేరుతో పంపిన ఉత్తరాలకి జవాబు రాకపోతే "స్టీవ్" అని సంతకం పెట్టడం మొదలుపెట్టింది, అప్పుడు జవాబులు వచ్చాయి. మొదటి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది ఆడవాళ్ళు. కాంకర్డ్ విమానం బ్లాక్‌బాక్స్‌కి ప్రోగ్రామ్ రాసింది ఆ బృందమే, పిల్లల్ని పక్కన పెట్టుకుని. కాందిశీకురాలు, ఆడమనిషి, ఇంటి దగ్గర పని, మూడూ కలిసిన ఆ పని అరవై ఏళ్ళ కిందటే జరిగింది. అడ్డుపడేది పని స్వభావం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి అడ్డేమిటి? ఒక ప్రభుత్వ నిర్ణయం, అంతే. జర్మనీలో బ్లూకార్డు అనే ఉద్యోగ అనుమతి మీద వెళ్ళినవాళ్ళ భార్య లేదా భర్త వెంటనే పని చేసుకోవచ్చు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లకీ అంతే. అంత దూరం ఎందుకు, అదే అమెరికాలో కంపెనీ బదిలీ మీద ఎల్‌1తో వెళ్ళిన ఉద్యోగి భార్యకి, 2021 నవంబరు నుంచి, ఆ స్టేటస్‌తోనే పని హక్కు వస్తుంది, వేరే కార్డు కోసం ఎదురు చూడక్కర్లేదు. ఒకే ఆఫీసులో ఒకే పని చేసే ఇద్దరు మగవాళ్ళ భార్యల్లో ఒకావిడ ఉద్యోగం చేసుకుంటుంది, ఒకావిడ చేయలేదు. 2023 జులైలో కెనడా అమెరికా హెచ్‌1 వాళ్ళకి ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పనిచేసే అనుమతి) ఇస్తామని, వెంట వచ్చే భార్యాభర్తలకీ పని అనుమతి అడగొచ్చని చెబితే, 10,000 దరఖాస్తుల కోటా రెండు రోజుల్లోపే నిండిపోయింది. అందులో ఎంతమంది భార్యల కోసం వేశారో నేను ఊహించుకోగలను.

మన వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. హెచ్‌1 వచ్చిన కుర్రాడికి కట్నం రేటు పెరగడం మనం కళ్ళారా చూసిందే. ఇంజనీరింగ్ చదివించి, ఉద్యోగం చేస్తున్న కూతుర్ని, ఎదురు డబ్బిచ్చి, పని చేయడానికి వీల్లేని వీసా మీద పంపిస్తున్నాం. ఇండియా ఐటీలో మూడో వంతుకు పైగా ఆడవాళ్ళే, ఫ్రెషర్లలో అయితే ఇంకా ఎక్కువ కనిపిస్తారు, పైకి పోయేకొద్దీ పలచబడతారు. ఆ పలచబడటానికి కారణాలు చాలా ఉన్నాయి, రాత్రి క్లయింట్ కాల్స్ నుంచి పిల్లల్ని చూసుకునే మనిషి దొరకకపోవడం దాకా. అందులో అమెరికా సంబంధం కూడా ఒకటని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇప్పటి పరిస్థితి ఇంకా బిగుసుకుంది. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రకటనతో అమెరికా బయట ఉన్నవాళ్ళకి వేసే కొత్త హెచ్‌1 పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు వచ్చిపడింది. అదే ఏడు అక్టోబరు 30 నుంచి, ఈఏడీ రెన్యువల్ పెట్టుకుని ఎదురుచూసేవాళ్ళకి అప్పటిదాకా ఉన్న ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు గడువు తీరే రోజుకి కొత్తది చేతికి రాకపోతే మర్నాడు పనికి వెళ్ళకూడదు. గడువుకి 180 రోజుల ముందు నుంచే ఫైల్ చేయొచ్చు, ఆ మొదటి రోజే ఫైల్ చేయండి.

సంబంధాలు చూస్తున్న అమ్మాయిలు, వాళ్ళ అమ్మానాన్నలు, జీతం అడిగినంత ధైర్యంగా ఇవి కూడా అడగండి: హెచ్‌1లో ఎన్నో ఏడు, ఐ-140 ఆమోదం అయిందా, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో చేరిన తేదీ) ఎంత, పనిచేసేది నేరుగా కంపెనీకా కన్సల్టెన్సీ ద్వారానా. ఐ-140 ఇంకా కాలేదంటే ఆమె ఇక్కడి ఉద్యోగంలో అది అయ్యేదాకా ఉండొచ్చు, ఆన్‌సైట్ అవకాశమో ఎల్‌1నో తన కంపెనీలోనే అడగొచ్చు, ఎఫ్‌1 అనే విద్యార్థి వీసా మీద మాస్టర్స్‌కి వెళ్ళొచ్చు. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు), ఐ-797 (పిటిషన్ ఆమోదించిన నోటీసు) కాగితాల కాపీలు మాత్రం భర్త మెయిల్లో కాకుండా ఆమె మెయిల్లో ఉండాలి.